తిరుపతిలో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటున్నారా? తాళం చేతికి రాగానే బయల్దేరకండి

మాది పూతలపట్టు దగ్గర పల్లె. ఉద్యోగం తిరుపతిలో. సొంత కారు లేదు. అమ్మానాన్నల్ని కాణిపాకం తీసుకెళ్లాలన్నా, హైదరాబాద్ నుంచి చుట్టాలు దిగినా, వేలూరు ఆస్పత్రికి పోవాలన్నా అద్దె కారే దిక్కు. ఏడేళ్లుగా ఏడాదికి ఐదారుసార్లు తీసుకుంటూనే ఉన్నాను. సొంత బండి అంత హాయిగా నడిచినవి దొరికాయి, నడిరోడ్డు మీద ఏడిపించినవీ దొరికాయి. ఒకసారైతే నేను పెట్టని గీతకు ఆరు వేలు కట్టాను. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. మా ఆఫీసులో ఎవరు కారు తీసుకుంటున్నా ముందు నన్నే అడుగుతారు, అందుకే వాళ్లకు చెప్పేదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నేను గమనించింది ఒకటుంది. అద్దె కారు గొడవలు చాలావరకు ప్రయాణంలో పుట్టవు. బండి చేతులు మారేటప్పుడు పుడతాయి. తాళం తీసుకునే అరగంట, తిరిగి ఇచ్చే అరగంట, ఈ గంటలో మీరు తొందరపడకపోతే సగం టెన్షన్ తగ్గినట్టే.

1. అసలు కారు కావాలా అని చూసుకోండి

కొండకు పోయి దర్శనం చేసుకుని వచ్చేయడమే పని అయితే కారు వద్దనే చెబుతాను. తిరుపతి బస్టాండ్ నుంచి కొండకు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. పైన తిరగడానికి టీటీడీ ఉచిత బస్సులున్నాయి. మీరు కంపార్ట్‌మెంట్‌లో పది గంటలు కూర్చుంటే, ఆ పది గంటలూ పార్కింగ్‌లో ఉన్న కారుకు అద్దె ఎక్కుతూనే ఉంటుంది. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ రోజు, కింద ఊళ్లోనే బండి కదలదు. ఆ రోజుల్లో కారు ఆలోచన మానుకోండి.

తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, చంద్రగిరి కోట, అప్పలాయగుంట ఒకే రోజు చుట్టి రావాలంటే మాత్రం కారు బాగా పనికొస్తుంది. శ్రీకాళహస్తి, కాణిపాకం, తలకోన, అరుణాచలం లాంటివాటికీ అంతే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే, ఆగమన్నచోట ఆగే బండి కన్నా మంచిది లేదు.

రాత్రంతా రైల్లో కూర్చుని తెల్లారి రేణిగుంటలో దిగి, నేరుగా స్టీరింగ్ పట్టుకుంటామంటే మాత్రం ఒప్పుకోను. ఆ మొదటి రోజుకు డ్రైవర్‌తో ట్యాక్సీ మాట్లాడుకోండి. ఘాట్ రోడ్డు ఎప్పుడూ నడపనివాళ్లకూ ఇదే మాట. తిరుపతి స్టేషన్ దగ్గర ట్యాక్సీ నడిపే ఒక అన్న నాకు చెప్పింది ఇప్పటికీ పాటిస్తున్నాను. "కొత్త బండి అయితే ముందురోజు చంద్రగిరి దాకా తిప్పుకుని రండి సామీ. బ్రేకు ఎంత తొక్కితే ఎక్కడ పట్టుకుంటుందో మీ కాలికి తెలియాల. ఘాట్‌లో నేర్చుకునే పని కాదది."

2. బోర్డు రంగు చూడండి

సెల్ఫ్ డ్రైవ్‌కు ఇవ్వడానికి పర్మిట్ ఉన్న కారుకు నల్ల బోర్డు మీద పసుపు అక్షరాలుంటాయి. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలుంటే అది ట్యాక్సీ. తెల్ల బోర్డు అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన కారు.

మన ఊళ్లల్లో వైట్ బోర్డు కార్లు అద్దెకిచ్చేవాళ్లు ఎక్కువే. "తెలిసినోళ్ల బండే అన్నా, తక్కువకే ఇప్పిస్తా" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ప్రైవేటు కారును కిరాయికిస్తే అది చట్టం ప్రకారం తప్పు. అంతకంటే పెద్ద చిక్కు ఇన్సూరెన్స్‌తో వస్తుంది. ఆ పాలసీ సొంత వాడకానికి తీసుకున్నది. అద్దెకిచ్చారని తేలితే కంపెనీ క్లెయిమ్ ఇవ్వనంటుంది. బండికి సొట్ట పడితే ఎలాగో కట్టుకుంటాం. ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే ఆ నష్టపరిహారం ఇంటి మీదకు వస్తుంది. మిగిలేది రోజుకు నాలుగైదు వందలు, నెత్తికెత్తుకునేది లక్షల్లో భారం.

బండి నంబరు ముందే అడిగి తీసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ గడువులు కనిపిస్తాయి. మీరు బండి తిరిగి ఇచ్చే తేదీ దాటి ఉండాలి అవన్నీ. నాకొకసారి పొల్యూషన్ గడువు ట్రిప్ మధ్యలో అయిపోయే బండి వచ్చింది. ఫోన్ చేసి చెబితే వాళ్లే వేరే బండి మార్చి ఇచ్చారు.

రాష్ట్రం దాటి పోయేవాళ్లు ఇంకొకటి అడగాలి. వేలూరు, తిరుత్తణి, అరుణాచలం అంటే తమిళనాడు. చిత్తూరు దారిలో గుడిపాల దాటితే రాష్ట్రం మారిపోతుంది. "ఈ బండికి తమిళనాడు పర్మిట్, ట్యాక్స్ ఉన్నాయా?" అని వాట్సాప్‌లో రాసి అడగండి, జవాబు రాతలో తీసుకోండి. నోటిమాటగా "ఏం కాదు పోండన్నా" అంటే సరిపోదు. చెక్‌పోస్టులో నిలబడేది మీరు.

3. మనుషుల్నీ సామాన్నీ లెక్కేసి బండి ఎంచుకోండి

ఐదుగురు పెద్దవాళ్లు, నాలుగు సూట్‌కేసులు, చిన్న కారు. ఇలా అప్ ఘాట్ ఎక్కితే ఇంజన్ పడే పాట్లు పెడల్ కిందే తెలుస్తాయి. మలుపు దగ్గర రెండో గేరులో కూడా గుంజలేకపోతే ఏసీ కాసేపు ఆపండి, తేడా వెంటనే కనిపిస్తుంది. నలుగురి దాకా చిన్న కారు చాలు, తిరుపతి సందుల్లో తిప్పుకోవడానికీ అదే సుఖం. ఐదుగురు దాటితే ఏడు సీట్లది తీసుకోండి. కానీ మూడో వరుసలో పెద్దవాళ్లను కూర్చోబెట్టకండి, ఘాట్ మలుపుల్లో వాంతులు మొదలయ్యేది అక్కడే.

సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో ఎంత ఖాళీ ఉందో ఫోటో పంపమనండి. సిలిండర్ సగం డిక్కీ తినేస్తుంది. ఖర్చు తగ్గుతుందని తీసుకుని, సామాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను.

ఆటోమేటిక్ అలవాటు లేనివాళ్లు ఘాట్ కోసమని మొదటిసారి ఆటోమేటిక్ తీసుకోవడం మంచిది కాదు. కొన్ని రకాలు ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు అర అడుగు వెనక్కి జారతాయి. ఆ అర అడుగులోనే వెనక బండివాడు హారన్ కొడతాడు, మనం కంగారుపడతాం. మా పిన్ని కొడుకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఆటోమేటిక్ బాగానే నడిపాడు, కానీ రెండు రోజుల పాటు ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేస్తూనే ఉన్నాడు. విదేశాల నుంచి వచ్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. అక్కడి లైసెన్స్ ఒక్కటే చాలదు, అక్కడే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని రావాలి. ఇక్కడి పాత లైసెన్స్ ఉంటే దాని గడువు అయిపోయిందేమో చూసుకోండి. మావాడిది అయిపోయింది. ఆ పర్మిట్ తెచ్చుకోబట్టి బండి ఇచ్చారు.

4. డబ్బు మాటలు ముందే, రాతలో

రోజుకు ఎన్ని కిలోమీటర్లు, దాటితే కిలోమీటరుకు ఎంత? ఇది అడగకుండా అడ్వాన్స్ వేయకండి. తిరుపతి నుంచి కాణిపాకం పోయి వస్తే 140 కిలోమీటర్ల చిల్లర. అరుణాచలం పోనురాను దాదాపు 400. రోజు అద్దె తక్కువని మురిసిపోయి, అరుణాచలం వెళ్లొచ్చాక అదనపు కిలోమీటర్లకే అద్దెంత కట్టిన స్నేహితుడున్నాడు నాకు.

డిపాజిట్ యూపీఐలో పంపండి. పంపేటప్పుడు నోట్‌లో "తిరిగిచ్చే డిపాజిట్" అని, బండి నంబరూ రాయండి. ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో అడగండి.

ఒరిజినల్ ఆధార్, పాస్‌పోర్ట్, లైసెన్స్ ఎవరి దగ్గరా పెట్టకండి. కొన్నిచోట్ల మీ బైకు, దాని ఆర్‌సీ ఉంచమంటారు. ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన ఖాళీ ప్రామిసరీ నోటు అడిగేవాళ్లూ ఉన్నారు. అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆధార్ కాపీ తప్పదంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. లైసెన్స్ డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది. అయినా నడిపేవాళ్ల దగ్గర ఒరిజినల్ ఉండనీయండి, ఘాట్‌లో అన్నిచోట్లా సిగ్నల్ ఉండదు.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అన్న మాట వినగానే నిశ్చింత పడకండి. ఆ పాలసీ బండి యజమానిది. క్లెయిమ్ చేస్తే 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు, ఆపై కారుకు 2000 కంపెనీ ఇవ్వదు. అరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే వస్తుంది, బంపర్ మొత్తం ప్లాస్టిక్కే కదా. ఆ మిగతాది ఎవరు కట్టాలి? బండి షెడ్డులో ఉన్న రోజులకు అద్దె మీ దగ్గర తీసుకుంటారా? టైరు, అద్దం, బండి అడుగు భాగం, పోయిన తాళం, వీటికి ఎవరు బాధ్యులు? ఒకే ప్రశ్నగా అడగండి: "నా తప్పు వల్ల ఏం జరిగినా నేను కట్టాల్సింది గరిష్ఠంగా ఎంత?" అంకె చెప్పలేని దగ్గర బండి తీసుకోవడం మానేశాను.

ఇద్దరు నడుపుతారనుకుంటే ఇద్దరి పేర్లూ అగ్రిమెంట్‌లో రాయించండి. జీపీఎస్‌లో ఎంత వేగం దాటితే జరిమానా వేస్తారో తెలుసుకోండి. కొన్ని బండ్లకు 80 దగ్గర ఆపేసే స్పీడ్ గవర్నర్ ఉంటుంది. అది తెలియకుండా రెండు వరసల రోడ్డు మీద లారీని ఓవర్‌టేక్ చేయబోతే, మధ్యలో బండి గుంజదు. చాలా ప్రమాదం.

ఫాస్టాగ్ బ్యాలెన్స్ అడగండి. బ్యాలెన్స్ లేక బ్లాక్‌లిస్ట్‌లో పడితే టోల్ దగ్గర మామూలు కంటే ఎక్కువ కట్టాలి. ఫాస్టాగ్ ఏడాది పాస్ సొంత కార్లకే, అద్దె కార్లకు వర్తించదు. తిరుమలకు పోయే బండికి అలిపిరిలో కూడా ఇప్పుడు ఫాస్టాగ్ తప్పనిసరి.

5. తాళం తీసుకునే అరగంట

ఆ ఆరు వేల సంగతి చెబుతాను. రేణిగుంట ఎయిర్‌పోర్ట్ బయట, సాయంత్రం ఆరున్నర. బండి తెచ్చిన అబ్బాయి తొందరలో ఉన్నాడు, అతనికి ఇంకో డెలివరీ ఉందట. మా చుట్టాలు సామానుతో నిలబడి ఉన్నారు. నేను ఫోన్‌తో బండి చుట్టూ ఒక రౌండ్ వీడియో తీశాను. నిలబడి తీశాను, అదే తప్పు. మూడు రోజుల తర్వాత ఇచ్చేటప్పుడు, ఓనరు మోకాళ్ల మీద కూర్చుని ముందు బంపర్ కింది అంచు మీద వేలితో రాసి చూపించాడు. అరచేయంత పొడుగున నల్లగా గీసుకుపోయి ఉంది. ఆ గీతలో మట్టి గట్టిగా ఎండిపోయి ఉంది, గోటితో గీరినా రాలేదు. అంటే అది పాతది. మూడు రోజులూ వాన లేదు, మేం మట్టి రోడ్డు ఎక్కలేదు. ఎంత చెప్పినా వినలేదు. నా వీడియోలో బంపర్ పైభాగమే ఉంది. కింది అంచు ఎక్కడా లేదు. చేసేదేం లేక కట్టాను.

ఇప్పుడు నేను చేసే వరస ఇది. బండి పగలే తీసుకుంటాను. రాత్రి తప్పకపోతే పెట్రోల్ బంకులో లైట్ల కింద నిలబెట్టమంటాను. వీడియో నంబరు ప్లేటుతో మొదలుపెట్టి, ఆపకుండా ఎడమ వైపు నుంచి చుట్టూ తిరుగుతాను. ప్రతి మూల దగ్గరా కూర్చుని బంపర్ కింది అంచు, తలుపుల కింద పట్టీ తీస్తాను. నాలుగు చక్రాల రిమ్ములు, టాప్, ముందు అద్దం మీద రాయి తగిలిన చుక్కలు, అద్దాల వెనక డబ్బాలు. లోపల సీట్ల మీద మరకలు, చివరగా మీటర్‌లో కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు. గీత కనిపిస్తే దాని మీద వేలు పెట్టి "ఇది పాతది" అని నోటితో చెబుతాను, పక్కన ఉన్న అబ్బాయిని "అవును" అనమంటాను. ఆ వీడియో అక్కడికక్కడే ఓనరుకు వాట్సాప్ చేస్తాను. టైమ్ దానంతటదే పడుతుంది.

తర్వాత టైర్లు. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటిన టైరుతో ఘాట్ ఎక్కను. గాడుల మధ్యలో చిన్న చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఆ టైరు పని అయిపోయినట్టే. పక్క గోడ ఎక్కడైనా ఉబ్బిందేమో చేత్తో తడమండి.

స్టెప్నీ ఉందని చెప్పగానే సరే అనకండి. డిక్కీ పరుపు ఎత్తి చూడండి, నొక్కి గాలి చూడండి. జాకీ, వీల్ పాన బయటికి తీసి, పాన నిజంగా నట్టుకు పడుతుందో లేదో పెట్టి చూడండి. తలకోన అడవి దారిలో పంక్చరైనప్పుడు మాకు స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పాన మాత్రం వేరే బండిది. నట్టు మీద గిర్రున తిరిగిపోతోంది. చీకటి పడేలోపు ఒక ట్రాక్టర్ ఆయన ఆగి తన దగ్గరున్న పానతో విప్పి పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇక బండి స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, బ్రేక్ లైట్లు, వైపర్లు, హారన్, ఏసీ, వెనక సీటు బెల్టులు చూసుకోండి. బ్రేక్ లైటు కోసం ఎవరినైనా వెనక నిలబెట్టండి. ఏటవాలుగా ఉన్నచోట హ్యాండ్‌బ్రేక్ వేసి కాలు తీయండి, బండి నిలబడాలి. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు కిలోమీటర్లు నడపండి. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా, బ్రేకు తొక్కితే పెడల్ వణుకుతున్నా, బండి మార్చమని అడగండి. మొహమాటం వద్దు.

కొండకు పోయేవాళ్లు చివరగా ఇంకో పని చేయాలి. సీట్ల కింద, డ్యాష్‌బోర్డు అర, తలుపుల సందులు, స్టెప్నీ గుంట వెతకండి. ముందు తీసుకున్నవాళ్లు ఏం వదిలేశారో మనకు తెలియదు. మద్యం, సిగరెట్లు, గుట్కా, మాంసం కొండకు తీసుకెళ్లకూడదు. మా చెల్లెలు వాళ్ల బండిలో డ్రైవర్ సీటు కింద పట్టాల మధ్య సిగరెట్ పెట్టె ఇరుక్కుని ఉంది. అలిపిరి చెకింగ్‌లో అది బయటపడి, మాది కాదని చెప్పుకోవడానికి వాళ్లు పడిన అవమానం అంతా ఇంతా కాదు. పార్టీ స్టిక్కర్లు, జెండాలు బండి మీద ఉంటే అవీ ముందే తీయించండి.

6. ఘాట్ ఎక్కడం, దిగడం

అలిపిరి దగ్గర అందరూ సామాను తీసుకుని దిగి స్కానింగ్ గుండా పోవాలి. నడిపేవాళ్లు బండిని చెకింగ్‌కు తీసుకెళ్తారు. అవతల ఎక్కడ కలుసుకోవాలో పెద్దవాళ్లకు ముందే చెప్పి పంపండి.

ఎక్కడానికి, దిగడానికి వేరువేరు రోడ్లు కాబట్టి ఎదురు బండి భయం లేదు. పైకి 28 నిమిషాలకు తక్కువ, కిందికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదన్నది నియమం. ఆ లెక్క చూసుకుని నిదానంగా పోండి. అర్ధరాత్రి కొన్ని గంటలు ఘాట్ మూసేస్తారు, చివరి ఘడియలో బయల్దేరే పని పెట్టుకోకండి.

దిగేటప్పుడే అసలు జాగ్రత్త. కిందికి వచ్చేది 1944లో తెరిచిన పాత రోడ్డు, మలుపులు బిగుతుగా ఉంటాయి. మొదలుపెట్టేటప్పుడే రెండో గేరులో వేసుకోండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రం వాడండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్‌లో 2కు గానీ, ‘ఎల్’కు గానీ మార్చండి. న్యూట్రల్ చేయడం, ఇంజన్ ఆపేయడం ప్రాణాలతో చెలగాటం. ఇంజన్ ఆగితే కాసేపటికే బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది.

అద్దె కారుకు బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో మనకు కనిపించదు. ఒకసారి సగం దారిలో కాలిన వాసన వచ్చింది, ఇనుము మీద రబ్బరు కాల్చినట్టు. పెడల్ మెత్తగా, లోపలికి దిగుతోంది. వెంటనే వెడల్పు ఉన్నచోట పక్కకు ఆపి ఇరవై నిమిషాలు నిలబెట్టాను. నీళ్లు పోద్దామన్నాడు మా బావ. వద్దన్నాను, ఎర్రగా కాలిన డిస్క్ మీద చన్నీళ్లు పడితే వంకరపోతుంది. చల్లారాక మొదటి, రెండో గేర్లలోనే దిగాం. మీకూ ఆ వాసన వస్తే ఆలోచించకుండా ఆపండి.

నవంబరు, డిసెంబరు వానల్లో ఘాట్ మీద కొండచరియలు పడతాయి. 2021 డిసెంబరులో అప్ ఘాట్ మీద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతింది. తుపాను హెచ్చరిక ఉంటే బస్సులో పోండి, లేదా ఒక రోజు ఆగండి.

మిగతా దారుల గురించి కొంచెం. తిరుపతి నుంచి మదనపల్లె, హార్సిలీ హిల్స్ వైపు పోతే భాకరాపేట ఘాట్ వస్తుంది. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్. రెండింటి మీదా పెద్ద ప్రమాదాలు జరిగాయి. వీటిలో ఎదురు బండ్లు, బరువు లారీలు ఉంటాయి, తిరుమల ఘాట్ నడిపిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అడవి నుంచి ఏనుగులు రోడ్డెక్కుతాయి, చీకటి పడ్డాక ఆ దారి వద్దు. మామిడికాయల కాలంలో దామలచెరువు, చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి లోడుతో ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి. రాత్రి వాటి వెనకకు వెళ్లేదాకా కనిపించవు.

7. ఏదైనా జరిగితే

ముందు మనుషులు. 108 అంబులెన్స్‌కు, 112 పోలీసులకు. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. తర్వాత నాలుగు వైపుల నుంచి ఫోటోలు, ఎదుటి బండి నంబరు. ఓనరుకు ఫోన్ చేసి, ఆ మాటే మళ్లీ మెసేజ్ పెట్టండి. వాళ్లు సరే అనకుండా మెకానిక్ చేత ఏదీ విప్పించకండి, క్లెయిమ్ పోతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే రోడ్డు మీదే డబ్బిచ్చి రాజీ చేసుకుని వచ్చేయడం వద్దు. స్టేషన్‌లో రాయించాల్సిందే.

ఇంజన్ వేడి లైటు గానీ, ఆయిల్ లైటు గానీ ఎర్రగా వెలిగితే "ఇంకో పది కిలోమీటర్లేగా" అనుకోకండి. ఆపండి. ఇంజన్ పోతే ఆ ఖర్చు మీ మీదకే తోస్తారు.

8. తిరిగి ఇచ్చేటప్పుడు

విమానం ఎనిమిదికి అయితే బండి ఐదున్నరకే ఇచ్చేలా చూసుకోండి. చెకిన్ టైమ్ దగ్గరపడుతుంటే ఎవరైనా అడిగినంత ఇచ్చి పరుగెత్తుతారు. అది వాళ్లకు తెలుసు.

దగ్గర్లోని బంకులో మొదట ఉన్నంత పెట్రోలు పోయించి, బిల్లు, ముల్లు కలిపి ఫోటో తీయండి. బండి దుమ్ముగా ఉంటే పైపైన నీళ్లు కొట్టించండి, లేకపోతే శుభ్రం చేయనిదే చూడలేమని డిపాజిట్ ఆపుతారు. తీసుకున్నప్పుడు తీసిన వరసలోనే మళ్లీ వీడియో తీయండి, ఈసారి ఓనరు ముందే. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వాదన ఉండదు. మొన్న సంక్రాంతికి తలుపు కింద గీత ఉందన్నారు, పాత వీడియోలో ఆ గీత మీద నా వేలు ఉంది. ఇంక మాట్లాడలేదు. "కొత్త డ్యామేజ్ లేదు, బండి అందింది" అని వాళ్ల నంబరు నుంచి మెసేజ్ పెట్టించుకున్నాకే తాళం ఇవ్వండి. సీట్ల కింద, డ్యాష్‌బోర్డు అరలో మీ వస్తువులు చూసుకోండి. అమ్మ మందుల డబ్బా ఒకసారి అలాగే పోగొట్టుకున్నాం.

ఆ తర్వాత టోల్ ఖర్చులు కోసుకుంటారు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడగండి. చిత్తూరు వెళ్లొస్తే గాదంకి టోల్‌గేట్ ఎన్నిసార్లు దాటారో మీకు గుర్తుంటుంది, లెక్క సరిచూసుకోవచ్చు. ఈ-చలానా పడిందంటే నంబరు కొట్టి వెబ్‌సైట్‌లో మీరే చూడండి. తేదీ, టైమ్, ఫోటో ఉంటాయి. మీ చేతిలో బండి ఉన్న సమయానిదైతే కట్టేయండి, కాకపోతే ఆ పేజీ స్క్రీన్‌షాట్ పంపండి.

చలానాలు కొన్ని రోజులు ఆలస్యంగా పడతాయి. అందుకని డిపాజిట్ వచ్చేసినా వీడియోలు, మెసేజ్‌లు ఒక మూడు నెలలు ఉంచండి. నేను బండి నంబరు పేరుతో ఫోల్డర్ పెట్టుకుంటాను. మళ్లీ అదే ఓనరు దగ్గర అదే బండి వస్తే, ఏ గీత ఎక్కడుందో ముందే తెలిసిపోతుంది.